తమ్ముడి గుమ్మం ముందు చిరిగిన చాప

కర్మెనా మా ఇంట్లో దిగిన రోజే నాకు ఒళ్ళు మండించింది.

మా ఊరు లపాహాలో పాత రాజుల సమాధులు చూడటానికి వచ్చి నా ఇంట్లో గది అద్దెకి తీసుకున్నవాళ్ళు సాయంత్రం నా వరండాలో కూర్చుని, "అబ్బ, ఎంత పాతవండీ!" అని నోరు వెళ్ళబెట్టడం మామూలు. మెట్లు మెట్లుగా పేర్చిన సముద్రపు రాయి అది. కొన్ని బండలు నా వంటింటికంటే పొడుగు. ఆ బండల్ని మా వాళ్ళు పడవల మీద ఎలా తెచ్చారో చెప్పి వచ్చినవాళ్ళని ఇంకాస్త ఆశ్చర్యపెట్టడం నాకు సరదా. ఈవిడ మాత్రం టీ కప్పు కింద పెట్టి, "బాగున్నాయి. మా దేశంలో ఇంతకంటే చాలా పాతవి ఉన్నాయి" అంది.

"ఏ దేశం మీది?" అన్నాను.

"మాల్టా."

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. వినలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక, "పెద్ద దేశమేనా?" అన్నాను.

"మీ దీవి అంత ఉంటుంది. అలాంటి దేశం ఒకటుందని సగం లోకానికి తెలీదు."

"టోంగా ఉందని మాత్రం ఎవరికి తెలుసు!" అన్నాను. ఇద్దరం నవ్వాం. అయినా ఆ రాళ్ళ మాట నా లోపల కెలుకుతూనే ఉంది. మా తాతల తాతలు పేర్చిన రాళ్ళని ఎవరో వచ్చి కుర్రరాళ్ళని తేల్చేస్తే ఎవరికి నచ్చుతుంది?

కర్మెనా ముసలావిడే, నాకంటే పెద్దది. మొగుడు పోయాక ఏడాదికొకసారి ఎవరూ వెళ్ళని చిన్న దేశం ఏదైనా చూసి రావాలని పెట్టుకుందట. పెద్ద దేశాలు ఎందుకు చూడవని అడిగితే, "అక్కడ నన్ను భోజనానికి ఎవరూ పిలవరు" అంది. వాళ్ళ ఊళ్ళో ఆవిడకి చెప్పుల కొట్టు ఉండేది. అందుకే కాబోలు, ఎవర్ని చూసినా మొహం తర్వాత, ముందు కాళ్ళు చూసేది. నా కాళ్ళు చూసి, "మీరు ఒక అంగుళం చిన్న చెప్పులు వేసుకుంటున్నారు, మానేయండి" అని మొదటి రోజే తీర్పు చెప్పింది.

మా తమ్ముడు పౌలియాసి ఇల్లు రోడ్డుకి అవతల, సరిగ్గా నా ఇంటికి ఎదురుగా. నా కిటికీలోంచి చూస్తే వాడి గుమ్మం కనిపిస్తుంది. పెద్దమనిషినయ్యాక ఆ గుమ్మం నేనెప్పుడూ తొక్కలేదు. అక్కాతమ్ముళ్ళం, మా ఆచారంలో ఒక ఇంటి కప్పు కింద కూర్చోకూడదు. చర్చి సంగతి వేరు, అది దేవుడి కప్పు. మిగతా ఎక్కడైనా సరే, నేనున్న గదిలోకి వాడు రాడు, వాడున్న గదిలోకి నేను వెళ్ళను. మా ఇద్దరిలో ఎవరి ముందూ రెండోవాళ్ళ ఒంటి సంగతులు మాట్లాడకూడదు. జ్వరమైనా, కడుపునొప్పి అయినా, పురుడైనా సరే. అలాగని మా మధ్య ప్రేమ లేదనుకునేరు! వాడి తోటలో మొదట తవ్విన పెండలం నా ఇంటికే వస్తుంది. పందిని కాలిస్తే మంచి ముక్క నాది. అక్క మాట అంటే వాడికి శిలాశాసనం. వాడి పెళ్ళాం వైమొవానా రోజూ వచ్చి నా వంటింట్లో ఒక చెయ్యి వేసి పోతుంది. మరదలు మంచిది, మాట తక్కువ. నాది ఎలాగూ ఇద్దరికి సరిపోయే నోరు.

ఆ శుక్రవారం కర్మెనా సమాధుల దగ్గరికి రెండోసారి వెళ్ళింది. తిరిగొస్తుంటే వాన పట్టుకుంది. తడవకుండా పౌలియాసి వరండాలోకి ఎక్కిందట. సాయంత్రం నేను చామాకుల్లో గొర్రెమాంసం కొబ్బరిపాలు పోసి కాల్చి, బల్ల మీద పెట్టాను. వైమొవానా సీమపనస కోసి పళ్ళెంలో సర్దుతోంది.

"ఎదురింటాయన మీకేమవుతాడు?" అని కర్మెనా అడిగింది.

"మా తమ్ముడు."

"మరి ఆ కాలు అలా వదిలేశారేం? బొటనవేలు నల్లగా బొగ్గయింది. ఆకులు కట్టుకుని కూర్చున్నాడు. వాసన కూడా వస్తోంది."

వైమొవానా చేతిలో పళ్ళెం జారి నేల మీద పడింది. సీమపనస ముక్కలు బల్ల కిందికి దొర్లాయి. ఆమె వాటిని ఏరడానికి వంగింది గానీ, ఎంతసేపటికీ పైకి లేవలేదు.

"వైమొవానా, పైకి లే" అన్నాను.

"ముక్కలు ఏరుతున్నా వదినా."

"ముక్కల్ని పందులు తింటాయి. లేచి నా మొహం చూడు. ఈవిడ చెప్పేది నిజమేనా?"

ఆమె నీళ్ళు నమిలింది. "మీ ముందు ఎలా చెప్పను వదినా... ఆయన మీకు తమ్ముడు కదా."

"ఎప్పట్నించి?"

"పెండలం నాటినప్పట్నించి."

నేను నెలలు లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు పెండలం తీగలు కర్రల చివరికి పాకి ఉన్నాయి. "ఇంకెవరికి తెలుసు?"

ఆమె మళ్ళీ ముక్కల మీదికి వంగింది. చెప్పనక్కర్లేదు. పాస్టరుకి తెలుసు, పక్కింటి ఫినౌకి తెలుసు, పాటల బృందంలో ఆడవాళ్ళందరికీ తెలుసు, ఆకు మందు నూరిచ్చిన ముసల్దానికి తెలుసు. నాకు తప్ప ఊరంతటికీ తెలుసు. చర్చిలో వాడు నాకంటే ముందొచ్చి వెనక వరసలో ఎందుకు కూర్చుంటున్నాడా అనుకున్నాను. రాత్రంతా మగవాళ్ళతో కావా వేరు రసం తాగి నిద్ర ఆపుకోలేక అక్కడ చేరాడని నవ్వుకున్నాను కూడా. కుంటుతుంటే నా కంట పడకూడదని వాడి ఏర్పాటు. దానికి ఊరంతా గొడుగు పట్టింది. ఎంతో మర్యాదగా, నన్ను ఎంతో గౌరవిస్తూ, నా తమ్ముణ్ణి నా ఎదురింట్లోనే చంపుకుంటున్నారు!

కర్మెనా మా ఇద్దరి వంకా చూసి, "నేనేమైనా తప్పు మాట్లాడానా?" అంది.

"మాట్లాడారు. ఇక్కడ పుట్టినవాళ్ళెవరూ మాట్లాడలేని తప్పు. ఇంకా మాట్లాడండి" అన్నాను. "అది ఎంత దూరం వెళ్ళింది?"

"నేను డాక్టర్ని కాదు. కానీ మా ఆయనకీ షుగరే. ఆయనదీ వేలితోనే మొదలైంది. రేపు వెళ్దాం, మాపు వెళ్దాం అంటూ కూర్చున్నాం." ఆవిడ తన పళ్ళెం పక్కకి నెట్టింది. "వచ్చే వారం దాకా ఆగే పని కాదండీ ఇది. నేనైతే రేపు పొద్దున్నే తీసుకెళ్తాను."

నేను వెంటనే మరదల్ని పంపాను. "అక్క రేపు పొద్దున్నే ఆస్పత్రికి పొమ్మంటోందని చెప్పు. ఫినౌ ట్రక్కు వస్తుంది. అంతే, ఇంకేం చెప్పకు."

అక్క మాట వాడు కాదన్నది లేదు. చిన్నప్పట్నించీ లేదు. అందుకే నేను నింపాదిగా గిన్నెలు కడుక్కుంటున్నాను. వైమొవానా తిరిగొచ్చి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏడుస్తోంది.

"రానంటున్నాడు వదినా. 'అక్క చెవిన ఎవరేశారు?' అని ఒకటే అరుపులు. సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముల్లు గుచ్చుకుందట, అదే పోతుందట."

"ముల్లా! వాడి మొహం! అసలు సంగతి చెప్పు."

అసలు సంగతి సాతిని. సాతిని వాడి చిన్ననాటి స్నేహితుడు, రోజూ కావా గిన్నె దగ్గర వాడి పక్కనే కూర్చునేవాడు. ముందు వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలు దాకా. ఆ తర్వాత శవపెట్టె. పౌలియాసి ఆ పెట్టె మోశాడు. "సాతిని ముక్కలు ముక్కలుగా పోయాడు, నేను పోతే పూర్తి మనిషిగా పోతాను" అన్నాడట వాడు.

కోపం రాలేదని చెప్పను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ అంతకంటే ఎక్కువ భయం వేసింది. మా అమ్మ పోయేటప్పుడు వాడు ఇంతవాడు. నా నడుముకు చుట్టుకుని పడుకునేవాడు. ఆ తర్వాత పెద్దయ్యాం, వేరు వేరు ఇళ్ళలో పడుకున్నాం. ఇప్పుడు వాడు గోడవైపు తిరిగి చచ్చిపోతుంటే, మర్యాదగా కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలా? కూర్చోను. నా వల్ల కాదు. రేపు శనివారం. ఎల్లుండి ఆదివారం వచ్చిందంటే ఈ దేశంలో బండి కాదు గదా ఆకు కూడా కదలదు. ఏం చేసినా రేపే చెయ్యాలి.

పొద్దున్నే అటక మీది పెట్టె దింపి, మా నానమ్మ చాప బయటికి తీశాను. మర్యాద కోసం మేం బట్టల మీద నడుముకి కట్టుకునే చాపల్లో అన్నిటికంటే పాతది. అంచులు ఊడిపోయి, మధ్యలో చిల్లులు పడి, ముట్టుకుంటే పొడి రాలుతుంది. చిన్నవాళ్ళు ఏదైనా ఘోరమైన తప్పు చేస్తే ఇలాంటి చిరుగుల చాప కట్టుకుని, పెద్దవాళ్ళ గుమ్మం ముందు కటికనేల మీద తలొంచుకుని కూర్చుంటారు. వాళ్ళు లెమ్మనేదాకా లేవరు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ గుమ్మం ముందు కూర్చున్నట్టు నేను విననైనా వినలేదు. అక్క తమ్ముడి ముందా! మా నానమ్మ చూస్తే ఆ చాపతోనే కొట్టేది.

చాప నడుముకి బిగించి తాడు ముడేశాను. జుట్టు విరబోసుకున్నాను. రోడ్డు దాటి పౌలియాసి గుమ్మం ముందు, బురదలో చతికిలబడ్డాను.

ముందు చూసింది వైమొవానా. "వదినా! ఏంటిది? అయ్యో లేవండి వదినా, మీకేమన్నా పిచ్చి పట్టిందా!"

"నాకు పిచ్చి లేదు. నీ మొగుడికి చెప్పు, అక్క వచ్చి కూర్చుందని."

ఆమె లోపలికి పరుగెత్తింది. లోపల మంచం కిర్రుమంది. కాసేపటికి మళ్ళీ బయటికి పరుగెత్తుకొచ్చింది. "దండం పెడతా లేవమంటున్నాడు వదినా. ఊళ్ళో తలెత్తుకోలేనంటున్నాడు."

"తలెత్తుకోవడం తర్వాత, ముందు కాలెత్తి బండెక్కమను."

"కానీ వదినా... ఆయన..." ఆమె మళ్ళీ లోపలికి పోయింది. పాపం ఆ పొద్దున ఆ గుమ్మానికీ నాకూ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో. మేమిద్దరం ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినిపించేంత దగ్గరలోనే ఉన్నాం. అయినా ఆమె చేతే మోయించాం.

అవతల ఆడవాళ్ళు చెట్టు బెరడుని బట్టగా సాగదియ్యడానికి దుంగ మీద కొడుతున్న సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఒక్కొక్కళ్ళే వచ్చి కంచె పక్కన నిలబడ్డారు. ఎవరికీ నా దగ్గరికి వచ్చే ధైర్యం లేదు, ఇంటికి పోయే మనసూ లేదు. ఫినౌ ట్రక్కు అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ ఇటే చూస్తున్నాడు. వాణ్ణి పిలిచి, "ఆ అద్దం అరిగిపోతుందిరా, నూనె ఉందో లేదో చూసుకో. ఏ క్షణమైనా బయల్దేరాలి" అన్నాను.

అప్పుడు కర్మెనా వచ్చింది. వానకోటు, గొడుగు, మోకాళ్ళకి కట్టు. నా పక్కన అమ్మా అబ్బా అంటూ కింద కూర్చుంది.

"మీరెందుకండీ? లేవండి, మోకాళ్ళు పట్టేస్తాయి" అన్నాను.

"నా మోకాళ్ళు నా ఇష్టం."

"ఇది మా ఇంటి గొడవ."

"నోరు జారింది నేను. ఇక ఇంట్లో కూర్చుని టీ తాగనా?" ఆవిడ చుట్టూ చూసింది. "తలొంచుకోవాలా?"

"ఒంచుకో."

ఒంచుకుంది. అలా వంచుకునే, గొంతు తగ్గించి, "ఎంతసేపు?" అంది.

"వాడు బయటికొచ్చేదాకా."

"రాకపోతే?"

"నన్ను ఇక్కడే పాతిపెడతారు. పైన నాలుగు రాళ్ళు పేరుస్తారు. తర్వాత నీలాంటివాళ్ళు వచ్చి, మా దేశంలో ఇంతకంటే పాతవి ఉన్నాయంటారు."

ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందో, చలికి వణుకుతోందో తెలీలేదు. వాన మొదలైంది.

వైమొవానా అరిటాకులో కాల్చిన పందిమాంసం, పెండలం పట్టుకొచ్చింది. నేను ముట్టలేదు. మంచినీళ్ళు తెచ్చింది, ముట్టలేదు. తమ్ముడి గుమ్మం ముందు అక్క పస్తుండటం ఎంత అప్రతిష్ఠో నాకు తెలుసు, వాడికి నాకంటే ఎక్కువ తెలుసు. తెలిసే చేస్తున్నాను. దీన్ని మొండితనం అంటే అనుకోండి. వానకి నానమ్మ చాప నాని ముక్కలు ముక్కలుగా ఊడిపోతోంది. ఒక పంది వచ్చి ఆ ముక్కల్ని వాసన చూసి, రుచించక వెళ్ళిపోయింది.

"వదినా, ఆయన ఏడుస్తున్నాడు" అని మరదలు గుమ్మంలోంచి అంది.

"ఏడవనీ."

"వేళ్ళు తీసేస్తారని భయమట."

ఇక నాకు ఆగలేదు. తల వంచుకునే, లోపలికి వినపడేలా అరిచాను. "పౌలియాసీ! సాతిని ముక్కలుగా పోయాడని నీకు తెలుసు. ఎందుకు పోయాడో తెలుసా? వాడి అక్కకి కూడా ఎవరూ చెప్పలేదు! చెప్పుంటే ఆ పిల్ల కూడా ఇలాగే వచ్చి కూర్చునేది. నన్ను లేవమంటున్నావు కదా? నువ్వు నీ కాళ్ళ మీద నడిచొచ్చి నా ఎదురుగా చెప్పు, లేస్తాను. నడవలేకపోతే పాక్కుంటూ రా. ఎలాగైనా రా. నేనిక్కడి నుంచి కదిలితే ఒట్టు!"

వాడి పేరు పెట్టి వాడితోనే మాట్లాడేసరికి కంచె పక్కన ఆడవాళ్ళు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వైమొవానా గుమ్మం పక్కకి తప్పుకుంది. 

మంచం మళ్ళీ కిర్రుమంది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వాడు గుమ్మంలోకి వచ్చాడు. నేను తలెత్తి చూశాను. ఎంత చిక్కిపోయాడు! ఇంటి ముందే ఉండి, నేను వాణ్ణి సరిగ్గా చూసి ఎన్నాళ్ళయింది? కాలికి ఆకుల మూట. మూట అంచున నల్లగా, తడిగా ఉంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

నేను కింద కూర్చుని ఉంటే వాడు నా కంటే ఎత్తున నిలబడలేడు. అది వాడి రక్తంలో ఉంది. మెట్ల మీంచి ఒక్కటొక్కటిగా జారుతూ, నాకంటే కిందికి, వాననీళ్ళు పారే కాలువ పక్కన బురదలో కూలబడ్డాడు. మూటకట్టిన కాలిని తొడ కింద దాచుకున్నాడు.

"లే అక్కా" అన్నాడు నేల చూస్తూ. "నీకు దండం పెడతా, లే."

"నువ్వు బండెక్కు, లేస్తా."

"కోసేస్తారక్కా."

"కోస్తే కోయనీ. వేళ్ళు లేని తమ్ముడు చాలు నాకు."

వాడు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత బురదలోంచి చెయ్యి ఎత్తి, ఫినౌని పిలిచినట్టు ఊపాడు. ఫినౌ అప్పటికే ట్రక్కుని కంచె దాటించి లోపలికి తెచ్చేశాడు.

ముందు సీట్లో వాడు పట్టలేదు, కాలు చాపుకోవాలి. చాపలు పరిచి వెనక తొట్టెలో పడుకోబెట్టారు. వైమొవానా బట్టలు సర్దడానికి ఇంట్లోకి పరుగెత్తింది. నేను ఆగలేదు, వెనక తొట్టెలోకి ఎక్కేశాను.

"అక్కా, నువ్వు ముందు కూర్చో" అన్నాడు వాడు కంగారుగా.

"ఎందుకు?"

"ఇద్దరం ఒకే చోట..."

"దీనికి కప్పు లేదుగా! నోర్మూసుకుని పడుకో."

కర్మెనా కూడా ఎక్కి, మా ఇద్దరి మీదా గొడుగు పట్టింది. పౌలియాసి ఆ గొడుగు వంక భయంగా చూశాడు. అది కప్పు కిందికి వస్తుందా రాదా అని ఆలోచిస్తున్నాడని నాకు అర్థమైంది. నవ్వాగలేదు. వాడూ కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుని నవ్వాడు. రాజధాని నుకుఅలోఫా దాకా మేం ముగ్గురం అలాగే తడిసి ముద్దవుతూ వెళ్ళాం.

ఆస్పత్రి గుమ్మం దగ్గర వాడు మళ్ళీ మొండికేశాడు. లోపల కప్పు ఉంది, నేను వెంట ఉన్నాను. "అది రాజుగారి కప్పు, మనది కాదు" అని చెప్పి వాడి చక్రాల కుర్చీని నేనే తోశాను.

డాక్టరు కుర్రాడు, మా దీవి పిల్లాడే. బాగా పెంచారు వాణ్ణి, అదే వచ్చిన చిక్కు. ఆకులు విప్పి చూశాడు, మొహం మాడిపోయింది. తర్వాత నన్ను చూసి, "మీరు..." అన్నాడు.

"అక్కని."

"భార్య రాలేదా?"

"వెనక బస్సులో వస్తోంది."

"అయితే... మీరు కాస్త బయట కూర్చుంటే..." ఇంతలో పౌలియాసి వైపు తిరిగి, "అన్నా, ఆ కింది భాగం కొంచెం ఇబ్బందిగా ఉంది. ఒక చిన్న పని చెయ్యాలి. తర్వాత చూద్దాం" అన్నాడు.

చిన్న పని అని వినగానే పౌలియాసి మొహం వెలిగింది. కట్టు కట్టి పంపేస్తారనుకున్నాడు. 

"నాయనా డాక్టరూ" అన్నాను. "నీ మర్యాదకి సంతోషం. మీ అమ్మని చూస్తే మెచ్చుకుంటాను. కానీ మర్యాదతోనే వీడు ఇక్కడిదాకా వచ్చాడు. నేను బయటికి వెళ్ళను. కాలు అను, వేలు అను, కొయ్యడం అను. ఏం తీస్తావు, ఎప్పుడు తీస్తావు, తియ్యకపోతే ఏమవుతుందో నా ముందు చెప్పు. నేను వింటాను. వాడూ వింటాడు."

ఆ పిల్లాడు తలుపు మూసి వచ్చాడు. చెప్పాడు. మూడు వేళ్ళు, పాదంలో కొంత. ఈ రోజే. రెండు రోజులాగితే మోకాలు, ఇంకా ఆగితే ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు.

 పౌలియాసి గోడవైపు తిరగబోయి, ఆగి, నా వైపు తిరిగాడు. మధ్యలో వైమొవానా లేదు, ఎవరూ లేరు.

"అక్కా, నువ్వేమంటావు?"

 అప్పటిదాకా బురదలో కూర్చుని అరిచినంత తేలిక కాదు ఇది. వీడు సాతినిలాగే పోతే, పొమ్మన్నది నేనే అవుతాను. అయినా కిటికీలోంచి చూస్తూ కూర్చోవడానికి మళ్ళీ నేను ఒప్పుకోను.

"కోయించుకో" అన్నాను. "ఇక్కడే ఉంటాను."

ఆ రోజే కోశారు. జ్వరం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. సోమవారం కర్మెనా విమానం. ఆవిడ మిగిలిన రెండు రోజులూ ఆస్పత్రి వరండా బెంచీ మీదే గడిపింది. ఆదివారం భోజనానికి ఆవిణ్ణి అక్కడున్న రోగుల బంధువులంతా ఎవరికి వాళ్ళు పిలిచారు. ఎవర్నీ కాదనలేక అందరి దగ్గరా తినేసి కడుపు పట్టుకుంది. వెళ్ళేటప్పుడు నేను అల్లిన కొత్త చాప ఒకటి ఇచ్చాను.

"మా సమాధులు సరిగ్గా చూడనే లేదు నువ్వు" అన్నాను.

"రెండుసార్లు చూశాను కదా!"

"చాలవు. మళ్ళీ రా. అవెక్కడికీ పోవు."

ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుంది. మొగుడి గురించి ఏదో చెప్పబోయి, మానేసి, కారెక్కింది.

గురువారానికి జ్వరం పూర్తిగా తగ్గింది. ఇంటికి పంపాలంటే రోజూ పుండు కడిగి కట్టు మార్చడం ఇంట్లో ఒకరు నేర్చుకోవాలని నర్సు అంది. వైమొవానా ముందుకొచ్చింది. కట్టు విప్పగానే ఆమె మొహం పాలిపోయింది, గోడ పట్టుకుని కిందికి జారిపోయింది. రెండోసారీ అంతే. తప్పు ఆమెది కాదు, అందరి గుండెలూ ఒక్కలా ఉండవు. బయట కూర్చోబెట్టి నీళ్ళు తాగించాను.

"నేను చేస్తాను" అన్నాను నర్సుతో.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "మీరు అక్క కదండీ?"

"అవును. గోరువెచ్చటి నీళ్ళు తెచ్చిపెట్టు."

గిన్నె తెచ్చింది. మంచం చివర చిన్న పీట వేసుకుని కూర్చున్నాను. పౌలియాసి దుప్పటి మొహం మీదికి లాక్కుని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుని ఉన్నాడు. నా గొంతు వినపడగానే ఇంకా ముడుచుకుపోయాడు. నొప్పి ఎంతుంటుందో నాకు తెలుసు. అయినా ముడిచే ఉంచాడు. అక్క ఉన్న వైపు కాలు చాపడం వాడు పుట్టిన దగ్గర్నించీ ఎరగడు.

"తమ్ముడూ" అన్నాను.

 నర్సు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"నీళ్ళు చల్లారిపోతున్నాయిరా."

దుప్పటి కింద వాడి ఊపిరి వినిపిస్తోంది. ఎంతసేపైనా సరే, కూర్చుంటాననుకున్నాను. గుడ్డ నీళ్ళలో ముంచి, పిండి, ఒళ్ళో తువ్వాలు పరుచుకున్నాను.

దుప్పటి కదిలింది. మెల్లగా వాడు కాలు చాపి నా ఒళ్ళో పెట్టాడు.